దొరసానిని మళ్ళీ గంపెక్కించిన వైనం

ఆ వీధిలో ఇస్త్రీ పిన్నితో పంతం పట్టి గెలిచినవాళ్ళు లేరు. నీళ్ళ పైపు కోసం ఆమె గుమ్మం ముందు గొయ్యి తవ్విన మనిషి పూడ్చకుండానే పోబోతే, అతని సైకిలును లోపల పెట్టి తాళం వేసింది. గొయ్యి పూడింది, పైన చదును కూడా అయింది. కాలరు మడత బాగాలేదని కోడిగుడ్డు మీద ఈకలు పీకే మేనేజరు ఒకాయన ఉండేవాడు. ఆయన్ని కిటికీ ముందు నిలబెట్టి, ఆ చొక్కానే మళ్ళీ మళ్ళీ ఇస్త్రీ చేసి, ఇప్పుడు బాగుందా, ఇప్పుడో అని అడిగి అడిగి, చివరికి ఆయన చేతే బ్రహ్మాండంగా ఉందనిపించింది. అలాంటి మనిషిని ఒక కోడి ఎదిరించి నిలిచిందంటే వీధంతా పని మానుకుని చూడదూ మరి!

చిన్నా పెద్దా అందరికీ ఆమె పిన్నే. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా పిన్ని అనే పిలుస్తారు, ఆమె పలుకుతుంది. ముందు గది కిటికీ వీధిలోకి తెరుచుకుంటుంది. కిటికీ పక్కన నాలుగు మడతల దుప్పటి పరిచిన బల్ల, దాని మీద కరెంటు ఇస్త్రీ పెట్టె, వెనక గోడలో ఇస్త్రీ అయిన బట్టలు ఇంటివారీగా పేర్చిపెట్టే అర. ఆ గది దాటితే వంటిల్లు, వంటిల్లు దాటితే పెరడు. పెరట్లో ఒక బట్టలుతికే రాయి, ఒక జామచెట్టు, రేకు కప్పిన కోళ్ళ గూడు.

పెళ్ళికి ముందు నుంచీ ఇస్త్రీ పెట్టె పట్టిన చేతులవి. కాలి కాలి వేళ్ళు రాటుదేలిపోయాయి. పొయ్యి మీది గిన్నెను మసిగుడ్డ లేకుండా దించేస్తుంది. చల్లారిపోతోంది తాగండి అని ఆమె టీ గ్లాసు అందిస్తే, బస్సు కండక్టరైన ఆమె మొగుడు దాన్ని కిటికీలో పెట్టి, స్నానం చేసొచ్చి అప్పుడు తాగుతాడు. కొత్తలో ఒకసారి ఆమె మాట నమ్మి తాగినందుకు నాలుక కాల్చుకున్నాడు పాపం.

ఇక కోడి సంగతి. పెరట్లో అయిదారు పెట్టలున్నాయి, పుంజు లేదు. పక్కింటి నర్సమ్మ రాత్రి డ్యూటీలు చేసి పగలు పడుకుంటుంది కనుక, పుంజును తేనని పిన్ని ఆమెకు మాటిచ్చింది. పుంజు లేని పెరట్లో పెట్టిన గుడ్లు తినడానికే తప్ప పిల్లలు కావు. ఈ ముక్క దొరసానికి ఎవరు చెప్పాలి? అన్నిట్లోకీ పెద్దదీ, బరువైనదీ, ఎర్రటిదీ ఆ దొరసాని. ఒకనాటి పొద్దున గుడ్లు పెట్టే గంపెక్కి కూర్చుంది, ఇక దిగలేదు. పొదుగుకు కూర్చుందన్నమాట. కింద గుడ్లు తీసేస్తే ఖాళీ గడ్డి మీద కూర్చుంది. గడ్డి తీసేస్తే ఖాళీ గంపలో కూర్చుంది. చెయ్యి పెడితే ఈకలన్నీ నిక్కబొడుచుకుని, కుర్‌ర్‌మని గొంతులో రాళ్ళు నలిపినట్టు శబ్దం చేసి, మణికట్టు మీద పొడిచేది.

కూర్చుంటే కూర్చోనీ, దానికి లేని తొందర మనకెందుకని కండక్టరు అన్నాడు. పిన్ని ఒప్పుకోలేదు. ఆ గంప దగ్గరికి రానివ్వకపోవడంతో మిగతా కోళ్ళు ఉతికే రాయి వెనకా, బొగ్గుల బస్తా చాటునా, ఎక్కడ పడితే అక్కడ గుడ్లు పెడుతున్నాయి. పైగా దొరసాని తిండి మానేసింది. నెత్తి మీది తురాయి ఎరుపు పోయి పాలిపోయింది, పట్టుకుంటే రొమ్మెముక చేతికి గుచ్చుకుంటోంది. ఎప్పటికీ పిల్లలు కాని దాని కోసం ఒక ప్రాణి తనను తాను ఎండబెట్టుకుంటుంటే చూస్తూ ఊరుకోవడం ఆమెవల్ల కాలేదు.

సలహాలకు కొదవ లేదు. పాలు పోసే ఆవిడ బకెట్టు నీళ్ళలో ముంచమంది. కూరగాయల బండివాడు దాని ఈకే ఒకటి పీకి ముక్కుకు అడ్డంగా గుచ్చమన్నాడు. ముందు నీ ముక్కుకు గుచ్చి చూద్దామని పిన్ని అనేసరికి అతను బండి తోసుకుంటూ పోయాడు. ఆమె తన పని తెలివితోనే ఆలోచించింది. నిప్పు తీసేస్తే పెట్టె చల్లారుతుంది. పొట్ట కింద వేడి లేకపోతే కోడి పంతం కూడా చల్లారాలి. అడుగున ఇనప వల ఉన్న పంజరం సంపాదించి, దొరసానిని అందులో పెట్టి, గాలి అడుగు నుంచి తగిలేలా జామకొమ్మకు వేలాడగట్టింది. గింజలూ నీళ్ళూ లోపలే. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఇక్కడ మొండివాళ్ళు ఇద్దరు. దొరసాని వల మీద కూడా రెక్కలు పరుచుకుని కూర్చుంది. పిన్ని పొద్దునొకసారి, సాయంత్రమొకసారి కిందికి దించి చూడటం, అది పరుగున పోయి గంపెక్కడం, మళ్ళీ పట్టి పంజరంలో పెట్టడం. వీధిలోవాళ్ళు బట్టలివ్వడానికొచ్చి ముందు కోడి దిగిందా అని అడిగి, ఆ తర్వాతే మూట విప్పేవాళ్ళు.

ఎట్టకేలకు ఒక పొద్దున పంజరం దించి తలుపు తీస్తే, దొరసాని గంప వైపు చూడనైనా చూడలేదు. జామచెట్టు కింద మట్టి చిమ్ముకుని స్నానం చేసింది. గింజల మీద పడి తింది. పిన్ని నడుము మీద చేతులు వేసుకుని చాలాసేపు చూసింది. కండక్టరు డ్యూటీకి పోతుంటే వాకిట్లోకొచ్చి మరీ చెప్పింది, గెలిచానని. ఆ రోజు ఆమె ఇస్త్రీ చేసిన బట్టలన్నీ కొత్త బట్టల్లా ఉన్నాయని తీసుకున్నవాళ్ళు అనుకున్నారు.

మధ్యాహ్నం ఎండ తిరిగాక అక్క వచ్చింది.

అక్క రావడమే విశేషం. ఊరి అవతలి కొసన ఉంటుంది, శుభానికో అశుభానికో తప్ప గడప తొక్కదు. దీని వెనక ఒక కథ ఉంది. వాళ్ళమ్మ కూడా ఇస్త్రీ చేసే బతికింది. పోయేటప్పుడు ఆమె మిగిల్చినవి రెండే: బొగ్గుల ఇస్త్రీ పెట్టె, కొన్ని కోళ్ళు. ఆ కోళ్ళు మామూలువి కావు. బూడిదరంగు మీద తెల్లచుక్కలు, కాళ్ళకు వేళ్ళ దాకా ఈకలు. మేజోళ్ళ కోళ్ళని అమ్మ పిలిచేది. మరెక్కడా అలాంటివి అక్కచెల్లెళ్ళు చూడలేదు. అక్కకు పెద్ద పెరడుంది కనుక కోళ్ళు తీసుకుంది, చెల్లెలికి పని వచ్చు కనుక పెట్టె తీసుకుంది. పంపకంలో పేచీ లేదు. ఆ తర్వాత పిల్లలు లేచినప్పుడు ఒక జత ఇమ్మని పిన్ని అడిగింది. పుంజే పనికిరాని ఇంట్లో జతేం చేసుకుంటావని అక్క అంది. అన్నమాటలో అబద్ధం లేదు, అందుకే ఇంకా గుచ్చుకుంది. పిన్ని మర్నాడే బజారుకు పోయి ఎర్రకోళ్ళు కొనుక్కొచ్చుకుంది. దెబ్బలాట ఏమీ లేదు. రాకపోకలు తగ్గాయి, అంతే.

ఆ అక్క ఇప్పుడు ఒళ్ళో గంప పెట్టుకుని ఇస్త్రీ బల్ల పక్కన స్టూలు మీద కూర్చుంది. గంపలో పాత దుప్పటి ముక్క, అందులో గుడ్లు. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. బజారుకు వెళ్ళి వచ్చేలోపు వీధికుక్కలు తడిక విరగదీసి దూరాయట. గూట్లో ఈకలు తప్ప ఏమీ మిగల్లేదట.

"పుంజు కూడా పోయిందే. ఈ గుడ్లు వంటింట్లో ఉన్నాయి గనక మిగిలాయి. నీ దగ్గర పొదుగుకు కూర్చున్న కోడి ఉందని విన్నాను."

పిన్ని వెనక్కి తిరిగి చూసింది. వంటింటి తలుపులోంచి పెరడు కనబడుతోంది. జామచెట్టు కింద దొరసాని నిమ్మకు నీరెత్తినట్టు పురుగులు ఏరుకుంటోంది. ఇన్ని రోజులు నానా తంటాలు పడి మాన్పించింది ఈ పొద్దున్నే కదా. నిన్న వచ్చి ఉంటే ఎంత బాగుండేది! లేదని చెప్పడానికి నోరు తెరిచింది. అక్క చేతులు గంప అంచును పట్టుకున్న తీరు చూసింది. అక్క ఆమెను ఏదైనా అడగడం ఆమెకు ఊహ తెలిశాక ఇదే మొదలు.

"ఉంది," అంది. "పెట్టి వెళ్ళు."

కోడి కింద పెట్టేదాకా చల్లటి చోట ఉంచమనీ, సన్నటి కొస కిందికి ఉండాలనీ చెప్పి అక్క వెళ్ళిపోయింది. చల్లటి చోటు కోసం పిన్ని ఇల్లంతా చెయ్యి పెట్టి చూసింది. వంటింట్లో పొయ్యి, పెరట్లో రేకు కింద ఉడుకు. బట్టల అరలో చెయ్యి పెడితే హాయిగా, చల్లగా అనిపించింది. గుడ్లను మెత్తటి దిండు గలీబులో చుట్టి అక్కడ పెట్టింది.

సాయంత్రం దొరసానిని గంపెక్కించే పని మొదలైంది. తన ఎర్రకోళ్ళ గుడ్లే నాలుగు ముందు గంపలో పెట్టి, దాన్ని ఎత్తి వాటి మీద కూర్చోబెట్టింది. దొరసాని లేచి నిలబడింది. ఒంటికన్నుతో గుడ్లను చూసింది, ఇంకో కన్నుతో పిన్నిని చూసింది, గంప దిగి మిగతా కోళ్ళతో పాటు గూట్లో దూలం మీదకెక్కింది. చెయ్యి కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని తనను తాను తిట్టుకుంటూ, పిన్ని దాన్ని మళ్ళీ దించి కూర్చోబెట్టింది. అది మళ్ళీ లేచింది.

గడపలో నిలబడి ఇదంతా చూస్తున్న కండక్టరు, వదినకు ఉన్నమాట చెప్పెయ్యమన్నాడు. పిన్ని ఆ మాట చెవిన పెట్టలేదు. అక్క మొదటిసారి ఒకటి అడిగిందని, లేదన్న మాట తన నోటి నుంచి రాదని, కావాలంటే ఈ కోడితో మళ్ళీ మొదటినుంచీ యుద్ధం చేస్తానని అంది. కండక్టరు ఇంకేదో చెప్పబోయి, నోరు మూసుకుని లోపలికి పోయాడు.

మర్నాడు పిన్ని చొక్కాల మడతల్లో ఉండగా అక్క మళ్ళీ వచ్చింది. పెరట్లో తిరుగుతున్న ఎర్రకోడిని చూసి కూడా దాని సంగతి ఎత్తలేదు. గుడ్లెక్కడ అని మాత్రం అడిగింది. పిన్ని అర చూపించింది. అక్క గలీబులో చెయ్యి పెట్టి, ఒక గుడ్డు తీసి కనురెప్ప మీద ఆనించుకుంది. ఇంకోటి తీసి ఆనించుకుంది. తర్వాత అర చెక్క మీద, గోడ మీద అరచెయ్యి ఆనించి చూసింది. ఆ గోడకు జానెడు దూరంలోనే ఇస్త్రీ పెట్టె పొద్దున్నించి రాత్రిదాకా వేడెక్కి ఉంటుంది.

"ఇవి చల్లగా లేవే," అంది అక్క. "మేలుకున్నాయి."

పిన్నికి అర్థం కాలేదు. అక్క స్టూలు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది. చల్లగా ఉన్నన్నాళ్ళు గుడ్డు నిద్రపోతుంది, అలా వారం పది రోజులు ఆగుతుంది. ఒకసారి వేడి తగిలి లోపల కదలిక మొదలయ్యాక మళ్ళీ చల్లారితే అంతే సంగతులు. పిన్ని తన వేళ్ళ వంక చూసుకుంది. ఆ వేళ్ళకు ఏది తగిలినా చల్లగానే ఉంటుందని మొగుడికి తెలుసు, వీధికి తెలుసు, తనకొక్కదానికే గుర్తు లేకపోయింది. కోడి పొదుగు మానేసిందని, నిన్న ఉందన్నది అబద్ధమని కూడా అప్పుడే చెప్పేసింది. అక్క కోప్పడలేదు. గలీబు మీద చెయ్యి వేసి, అమ్మ కోళ్ళవి ఇవి తప్ప ఇంకేమీ మిగల్లేదని మాత్రం అంది. దానికన్నా కోప్పడితేనే నయమనిపించింది పిన్నికి. సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి. అవి రెండూ ఆమెకు ఎప్పుడొచ్చినా కాస్సేపటికి పంతంగా మారిపోతాయి.

"కోడే పొదగాలని ఎక్కడుంది?" అంది, పెట్టె స్విచ్చి కట్టేస్తూ. "అది కూర్చునేదాకా నేను పొదుగుతాను."

అక్క తలెత్తి చూసింది. "అమ్మ పెట్టె ఉందా?"

అటక మీదుంది. దుమ్ము దులిపితే ఇత్తడి పిడి కొక్కెంతో సహా అలాగే ఉంది. కరెంటు పెట్టె వేడి నిలకడగా ఉండదు, ఎక్కుతుంది, దిగుతుంది, కరెంటు పోతే మొత్తానికే పోతుంది. బొగ్గుల పెట్టెలో నిప్పుల మీద బూడిద కప్పి మూత పెడితే పూటంతా ఒకే తీరుగా ఉంటుంది. నిప్పును అలా నివురుగప్పి ఉంచడం పిన్నికి వెన్నతో పెట్టిన విద్య. రెండు సంచుల్లో ఇసుక పోసి కుట్టింది. ఒక సంచి మీద పెట్టె నిలబెట్టి వేడెక్కిస్తే, రెండో సంచి గంపలో గుడ్ల కింద ఉండాలి. ఇది చల్లారేసరికి అది సిద్ధం. మధ్యలో పలచటి దుప్పటి, పైన తడిచేత్తో నీళ్ళు చిలకరించిన గుడ్డ. నిప్పు చూసే పని పిన్నిది. వేడి చూసే పని అక్కది, ఎందుకంటే చెల్లెలి వేళ్ళ మీద ఇక ఇద్దరికీ నమ్మకం లేదు. ప్రతి సంచినీ అక్క చెంపకూ కనురెప్పకూ ఆనించుకుని, ఊఁ అంటే తప్ప గంపలోకి పోకూడదు. నర్సమ్మ సంగతి విని తన జ్వరం చూసే థర్మామీటరు తెచ్చిచ్చింది. దాన్నీ, అక్క కనురెప్పనూ కలిపి వాడుకున్నారు. రెండూ ఒకే మాట చెప్పినప్పుడు అక్క మొహంలో కాస్త గర్వం కనబడేది.

అక్క ఇంటికి పోలేదు. ముందుగదిలో బట్టల మూటల మధ్య చాప వేసుకుంది. రాత్రులు వంతులేసుకున్నారు. పగలు పిన్ని అదే అమ్మ పెట్టెతోనే గిరాకీల బట్టలు కూడా ఇస్త్రీ చేసింది. చేసినంతే చేసింది. ఆలస్యమైందని గొణిగినవాళ్ళకు మూట తిరిగిచ్చి, ఇంకోచోట చేయించుకోండి, కోపమేం లేదు అంది. ఒక్కరూ తీసుకుపోలేదు. పాలావిడైతే, పిన్నీ, నువ్వు కొక్ కొక్ అనడమొక్కటే తక్కువ అంది. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టుంది నీ వరస, ముందు పాలల్లో నీళ్ళు తగ్గించు అని పిన్ని అంటించింది. అక్క నవ్వింది. ఆ గదిలో అక్క నవ్వు విని ఎన్నేళ్ళయిందో.

ఇంకోపక్క దొరసానితో యుద్ధం నడుస్తూనే ఉంది. ఇప్పుడు తలకిందుల యుద్ధం. అప్పుడు గాలి, వెలుతురు, చల్లదనం. ఇప్పుడు చీకటి, వెచ్చదనం, ఒంటరితనం. పెరట్లో డాబా మెట్ల కింద కట్టెలు పెట్టుకునే మూల ఖాళీ చేసి, గోనెపట్టా వేలాడదీసి, దాని పాత గంపనే అక్కడ పెట్టారు. కొత్తది పెడదామంటే అక్క వద్దంది. దాని వాసన దానికి తెలియాలట. గంపలో ఎర్రకోళ్ళ గుడ్లు, వాటి కింద ఇంకో ఇసుక సంచి. పొద్దు గూకాక, కోడికి చూపు మందగించే వేళ, దొరసానిని పట్టుకొచ్చి కూర్చోబెట్టేవాళ్ళు. మొదటిరోజు తెల్లారేసరికి అది గోనెపట్టా చింపుకుని బయటుంది. రెండోరోజు కాసేపు కూర్చుని, గింజల చప్పుడు వినగానే లేచిపోయింది. మూడోరోజు గుడ్లను ముక్కుతో అటూ ఇటూ దొర్లించింది గానీ నిలబడే ఉంది. తొందరపడి పదేపదే పట్టా ఎత్తి చూడొద్దని అక్క అంటుంది. చూడకపోతే పిన్నికి కాళ్ళు కాలిన పిల్లిలా ఉంటుంది. చివరికి కండక్టరును కాపలా పెట్టారు, కోడికి కాదు, పిన్నికి. ఆ డ్యూటీలో ఆయన బస్సులో కంటే ఎక్కువ అరిచాడు.

గుడ్లు మాత్రం వేడి మీదే ఉన్నాయి. ఒక సాయంత్రం అక్క టార్చి లైటు ముందు గుడ్డు పట్టుకుని చూసి, చెల్లెల్ని పిలిచింది. పసుపురంగు వెలుగులో సన్నటి ఎర్రటి నరాలు, మధ్యలో ఒక చుక్క. చుక్క కొట్టుకుంటోంది. తన నిప్పుతో కొట్టుకుంటోంది అది. పిన్ని పోయి బొగ్గులు రాజేసింది. ఇక దొరసాని కూర్చోకపోతే ఈ మూడు వారాలూ ఇలాగే చేస్తానని, ఆ తర్వాత పిల్లలకు గింజలు కొరికి పెట్టమన్నా పెడతానని మొగుడితో అంది. అనడమే కాదు, చేసేలా కూడా ఉందని ఆయన భయపడ్డాడు.

అంత దూరం పోలేదు. మరుసటి పొద్దున నీళ్ళు పెట్టడానికి పట్టా ఎత్తి చెయ్యి లోపల పెట్టింది పిన్ని. చీకట్లోంచి కుర్‌ర్‌మని శబ్దమొచ్చింది. మణికట్టు మీద ఠప్పున పొడుపు పడింది. రక్తం చిమ్మింది. పిన్ని చెయ్యి వెనక్కి తీసుకోకుండా ఇంకోసారి పెట్టింది. ఇంకో పొడుపు పడింది. ఆమె వంటింట్లోకి పరుగెత్తి, రక్తం కారుతున్న చెయ్యి అక్క మొహం ముందు పెట్టి చూపించింది. కోడి పొడిచినందుకు అంత సంబరపడిన మనిషి ఆ వీధిలో అంతకుముందు లేదు, ఇకముందు ఉండబోదు.

ఆ చీకట్లోనే ఒక్కొక్కటిగా ఎర్రకోళ్ళ గుడ్లు తీసి, ఒక్కొక్కటిగా అమ్మ కోళ్ళ గుడ్లు దాని రెక్క కిందికి జరిపారు. అక్క అందిస్తే పిన్ని పెట్టింది, పొడుపులన్నీ తనే తింది. దొరసాని ఒక్కో గుడ్డునూ గడ్డం కింద పెట్టి పొట్ట కిందికి లాక్కుంది. చివరి గుడ్డు లోపలికి పోయాక రెక్కలు సర్దుకుని, ఇద్దరినీ ఇక వెళ్ళమన్నట్టు చూసింది. పిన్ని అమ్మ పెట్టెలోని నిప్పులను పెరట్లో కుమ్మరించి నీళ్ళు చల్లింది.

అక్క ఇంటికి వెళ్ళింది. మర్నాటి మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. పొదిగే కోడిని రోజుకోసారి దించి తినిపించాలి, గుడ్లు చల్లారకముందే మళ్ళీ ఎక్కించాలి, వేరే కోడి వచ్చి అదే గంపలో గుడ్డు పెట్టకుండా చూడాలి. పిన్ని ఒక్కతే చేసుకోగలిగిన పనే అది. అక్క వస్తుంటే మాత్రం ఆ మాట అనలేదు. చేతులు ఊరికే పెట్టుకోవడం అక్కకు చేతకాదు, అందుకని ఇస్త్రీ అయిన బట్టలు మడతపెట్టేది. అమ్మ మడతలే.

మూడో వారం చివర్లో గుడ్లు పగిలాయి. అన్నీ కాదు. కొన్నిటి పెంకు అసలు చిట్లలేదు, రెండింట్లో పిల్లలు సగంలో ఆగిపోయి ఉన్నాయి. ఆ రెండింటినీ పిన్ని జామచెట్టు మొదట్లో పాతిపెట్టింది. అర మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందనుకున్నది తనే కదా. ఆ బాధ ఆమె ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ రోజు కిటికీ సగమే తెరిచింది. బతికినవి మూడు. బూడిదరంగు మీద చుక్కలు రాలేదింకా, మూడూ మసిగుడ్డల్లా ఉన్నాయి. అక్క ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని వెల్లకిలా తిప్పింది. కాళ్ళకు వేళ్ళ దాకా సన్నటి నూగు.

"మేజోళ్ళు వేసుకునే వచ్చాయి," అంది. అంటూనే ఏడ్చేసింది. పిన్ని కూడా ఏడ్చింది. దొరసాని ఇద్దరినీ పొడిచింది.

పిల్లలు తల్లి వెంట తిరగడం మొదలుపెట్టాక పిన్ని ఒక పొద్దున గంప తుడిచి, అడుగున ఉతికిన గుడ్డ పరిచి గుమ్మం దగ్గర పెట్టింది. అక్క పెరటి తడిక తీసేసి ఇటుక గోడ కట్టించుకుందని తెలుసు. అమ్మ కోళ్ళు అక్కవి. పంపకం ఎప్పుడో అయిపోయింది. మూడు పిల్లల్నీ, వాటితో పాటు దొరసానినీ తీసుకుపొమ్మని, తల్లిని విడదీస్తే అవి బతకవని, కోడిని తిరిగి పంపకపోయినా ఫర్వాలేదని చెప్పింది. చెప్పేటప్పుడు అక్క వైపు చూడకుండా చొక్కా చేతులు ఇస్త్రీ చేస్తోంది.

అక్క గంపను కాలితో పక్కకు జరిపి స్టూలు మీద కూర్చుంది. పిల్లలు ఇక్కడే ఉంటాయంది. పుంజేదో పెట్టేదో తేలాక ఒక జత చెల్లెలిది, మిగిలింది తనది. పుంజు సంగతి నర్సమ్మతో తనే మాట్లాడిందట. కూసే వయసొచ్చేసరికి తనకు పగలు డ్యూటీ వేస్తారని, లేకపోతే చెవుల్లో దూది పెట్టుకుంటానని నర్సమ్మ అందట.

పిన్ని చాలా రోజులుగా లోపల నలుగుతున్న మాట బయటపెట్టింది. ఆ రోజు కోడి ఉందని అబద్ధం చెప్పకుండా ఉండాల్సిందని, అది నమ్మే కదా నువ్వు గుడ్లు వదిలి వెళ్ళావని అంది.

"నమ్మలేదే," అంది అక్క. "ఆ రోజు వచ్చింది మరిది బస్సులోనే. టిక్కెట్టు కొడుతూనే చెప్పాడు. మా ఆవిడ గెలిచింది వదినా, పొద్దున్నే కోడి పొదుగు మానేసి దిగిపోయింది అని."

పిన్ని పెట్టె ఎత్తి పట్టుకుని అలాగే నిలబడింది. "తెలిసి ఎందుకు తెచ్చావు మరి?"

"నేను తెచ్చింది కోడి దగ్గరికి కాదు." అక్క ఒక చొక్కా తీసుకుని మోకాళ్ళ మీద పరుచుకుంది. "నీ దగ్గరికి తెచ్చాను. నువ్వు పట్టుకుంటే వదలవని అమ్మ ఎప్పుడూ తిట్టేది గుర్తుందా?"

పిన్ని కిటికీ వైపు తిరిగింది. బల్ల మీది చొక్కా అప్పటికే ఇస్త్రీ అయిపోయింది. దాని మీద మళ్ళీ నీళ్ళు చిలకరించి, మళ్ళీ మొదటినుంచీ ఇస్త్రీ చేసింది.